గోల్ఫు విసురులో దేహపు మలుపు

బంతి కదలదు. ప్రత్యర్థి అడ్డు రాడు. ఆటగాడు తనకు తోచినంతసేపు నిలిచి, చూచి, సరిచూచుకొని మరీ కొట్టవచ్చును. అయినప్పటికీ గోల్ఫు బంతిని తిన్నగా, దూరంగా కొట్టటం క్రీడాలోకంలో మిక్కిలి కష్టసాధ్యమైన పనులలో ఒకటిగా పేరు పొందినది. 45.93 గ్రాములకు మించని బరువు, 42.67 మిల్లీమీటర్లకు తగ్గని వ్యాసం గల ఆ చిన్న బంతి ముందు కండలు తిరిగిన యువకులు సైతం తెల్లబోతారు. భుజబలమంతా వెచ్చించి కొట్టినది పది గజాలు దొర్లి ఆగిపోతుంది. ప్రక్కన నిలిచిన బక్కపలుచని పెద్దమనిషి అలవోకగా కొట్టినది నూటయేభై గజాలు దాటిపోతుంది. ఈ తారతమ్యం బాహువులలో లేదు. ఒకరి దేహం తిరుగవలసిన చోట తిరిగినది, మరొకరి దేహం తిరుగలేదు. ఆ తిరుగుడును గూర్చి, దానిని సాధించుకొనే విధానాన్ని గూర్చి మాకు తెలిసినంత మేరకు ఇక్కడ వివరించదలచినాము.

గోల్ఫు మన ఆట కాదు గదా, ధనవంతుల వినోదం గదా, మన కళాశాల సంచికలో దాని ప్రసక్తి ఎందుకని కొందరు అడుగవచ్చును. ఆట ఖరీదైనదన్న మాట నిజమే. నగరంలో గోల్కొండ నయాఖిల్లా ప్రాకారాల నడుమ ఉన్న మైదానం గాని, గచ్చిబౌలి బండల మధ్య తీర్చిన మైదానం గాని మేడ్చల్, శామీర్‌పేట విద్యార్థికి అందుబాటులో ఉన్నవని మేము చెప్పము. కాని ఢిల్లీ గోల్ఫు క్లబ్బులో ఆటగాళ్ల సంచులు మోసే కేడీగా జీవితం ప్రారంభించిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. ఆ పోటీని గెలిచిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడు అతడే. 1993లో మరల గెలిచి, మొదటి గెలుపు అదృష్టవశాన వచ్చినది కాదని నిరూపించినాడు. సంచులు మోసేవానికి మైదానం సొంతం కాదు, కర్రలు సొంతం కావు. సొంతమైనది దేహం ఒక్కటే. మా వ్యాసం కూడా ఆ ఒక్కదానిని గూర్చియే. గోల్ఫు కర్రను ఎన్నడూ చేతబట్టని వారికి కూడా ఇందులోని విషయం పనికివస్తుందని మా నమ్మకం, ఏలననగా ఇక్కడ చెప్పబోయే తుంటి, వీపు, నడుము అందరికీ ఉన్నవే.

ఉర్దూలో ‘లచక్’ అని ఒక సొగసైన మాట ఉన్నది. తెలుగులో దానికి నమ్యత అంటున్నాము గాని, లచక్ అనగానే గాలికి వంగి, విరగక, మరల నిటారుగా నిలిచే లేతకొమ్మ కన్నుల ముందు మెదలుతుంది. వంగటం ఒక్కటే చాలదు, తిరిగి నిలువగలగటం కూడా అందులో భాగమే. సర్కసులో వలె దేహాన్ని ముడి వేయగలవాడు మంచి గోల్ఫు ఆటగాడు కానక్కరలేదు. కీళ్లు మితిమీరి వదులైన వారికి సాగదీత కంటె కండరబలమే ఎక్కువ అవసరం. కనుక నమ్యత అన్నప్పుడు ఏ కీలు, ఏ దిశలో, ఎంత అన్న మూడు ప్రశ్నలు వేసుకొనవలసి ఉన్నది.

మునుపు జొన్నచేలలో మంచె మీద నిలిచి వడిసెలతో పిట్టలను తోలే రైతును గుర్తుకు తెచ్చుకొనండి. అతడు రాతిని చేతితో విసరటం లేదు. పాదం నేలను అదుముతుంది, తుంటి తిరుగుతుంది, దాని వెంట రొమ్ము, రొమ్ము వెంట భుజం, భుజం వెంట ముంజేయి, చిట్టచివరకు త్రాడు, త్రాటి కొసన రాయి. ముందు కదిలిన భాగం నెమ్మదించినప్పుడు దాని వేగం తరువాతి భాగానికి సంక్రమిస్తుంది. మెల్లగా మొదలైన మలుపు కొసకు వచ్చేసరికి ఈల వేసే వేగమవుతుంది. గోల్ఫు విసురు కూడా ఇంతే. 1968లో ఆలిస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనేవారు ‘ది సెర్చ్ ఫర్ ది పర్‌ఫెక్ట్ స్వింగ్’ అన్న గ్రంథంలో బాహువులను ఒక లోలకంగా, కర్రను దానికి వ్రేలాడే మరొక లోలకంగా భావించి ఈ సంగతినే శాస్త్రీయంగా వివరించినారు. నిపుణులైన ఆటగాళ్లు కర్రను పైకి ఎత్తటానికి పట్టే కాలం, దానిని బంతి వరకు దించటానికి పట్టే కాలానికి సుమారు మూడు రెట్లుంటుంది. దించటం సెకనులో నాలుగవ వంతుకు కొంచెం అటూ ఇటూగా ముగుస్తుంది. కర్ర తల బంతిని అంటిపెట్టుకొని ఉండేది సెకనులో 2,000వ వంతు మాత్రమే. అంత స్వల్పకాలంలో ఇప్పుడు ఇది తిప్పుదాము, ఇప్పుడు అది తిప్పుదాము అని బుద్ధి ఆజ్ఞలు జారీ చేయలేదు. దేహానికి ముందే వచ్చి ఉండవలె.

ఇక లెక్కకు వద్దాము. కుడిచేతివాటపు ఆటగాడు కర్రను వెనుకకు ఎత్తినప్పుడు అతని భుజాలు కుడివైపునకు దాదాపు 90 డిగ్రీలు తిరుగవలెనని, కటివలయం అందులో సగం, అనగా 45 డిగ్రీలు, తిరుగవలెనని శిక్షకులు చాలకాలంగా చెపుతున్నారు. తక్కిన 45 డిగ్రీలు వెన్నుపూసల నుండి రావలె. ఇక్కడనే ప్రకృతి చేసిన ఏర్పాటును గమనించవలసి ఉన్నది. వీపు భాగంలోని 12 పూసల కీలుముఖాలు ప్రక్కలకు తిరుగుటకు అనువుగా అమరినవి. అవన్నీ కలిసి ఒక్కొక్క ప్రక్కకు 30 డిగ్రీలకు పైగా తిరుగగలవు. దాని దిగువన నడుములోని 5 పూసలు అట్లు కావు. వాటి కీలుముఖాలు నిలువుగా ఎదురెదురుగా నిలిచిన తలుపురెక్కల వంటివి. ముందుకు వంగనిస్తాయి, వెనుకకు వాలనిస్తాయి, ప్రక్కకు మాత్రం అడ్డుపడతాయి. అయిదూ కలిసినా 10, 15 డిగ్రీలకు మించి తిరుగలేవు. మనం లోకవ్యవహారంలో ‘నడుము తిప్పు’ అంటాము గాని, నిజానికి నడుము తిరిగేది కాదు. తిరిగేది దాని క్రింద ఉన్న తుంటికీలు, పైన ఉన్న వీపు. నడుము ఆ రెండింటి నడుమ స్థిరంగా నిలిచే కవ్వపు కాడ.

ఎన్నడైనా తుంటికీళ్లు బిగుసుకొనిపోయినచో, లేక వీపు గూనితో గట్టిపడినచో, ఆ 90 డిగ్రీల పద్దులో లోటు ఏర్పడుతుంది. లోటును ఎవరో ఒకరు పూడ్చవలె. కొందరి దేహం తిరుగుటకు మారుగా ప్రక్కకు ఒరుగుతుంది. కొందరు మోచేతులు వంచి కర్రను తలపైకి ఎత్తి, తిరిగినామని భ్రమపడతారు. ఈ రెండింటి వలన ఆట చెడుతుందే గాని మనిషి చెడడు. మూడవది ప్రమాదకరం. తుంటి, వీపు ఇవ్వని మలుపును నడుము నుండి బలవంతంగా పిండుకొనటం. 1990 ప్రాంతంలో అమెరికాలో జరిగిన కొలతలలో, గోల్ఫు విసురు సమయాన నడుము పూసల మీద దేహపు బరువుకు సుమారు ఎనిమిది రెట్ల ఒత్తిడి పడుతున్నట్లు తేలినది. ఒత్తిడితో బాటు మెలి కూడా పడినప్పుడు పూసల నడుమనున్న డిస్కు నలుగుతుంది. 2004లో వృత్తి ఆటగాళ్లపై వెలువడిన ఒక పరిశీలన, నడుమునొప్పి చరిత్ర ఉన్నవారిలో ముందుకాలి తుంటి లోపలివైపునకు తిరిగే శక్తి తగ్గి ఉన్నదని చూపినది. కుడిచేతివాటం వారికి ముందుకాలు అనగా ఎడమకాలు. నొప్పి నడుములో ఉన్నది, లోపం తుంటిలో ఉన్నది. మా దృష్టిలో ఈ వ్యాసం మొత్తానికి ఇంతకంటె ముఖ్యమైన వాక్యం లేదు.

టైగర్ వుడ్స్ అంతటివానికి 2014లో నడుముకు శస్త్రచికిత్స జరిగినది. తరువాత మరికొన్ని జరిగి, చివరకు 2017లో రెండు పూసలను ఒకటిగా అతికించవలసి వచ్చినది. అతడు 2019లో మరల మాస్టర్స్ గెలిచినాడన్న మాట నిజమే. అయితే అతనికి అందిన వైద్యం, విశ్రాంతి అందరికీ అందేవి కావు. బస్తాలు మోసి, బండి నడిపి బ్రతికేవానికి, రేపు ఉద్యోగానికి పరుగెత్తవలసిన విద్యార్థికి నడుము ఒక్కటే ఉంటుంది.

మన ప్రాంతపు పెద్దల దేహాలను పరికించినచో ఒక విశేషం గోచరిస్తుంది. శామీర్‌పేట చెరువు క్రింద నాట్లు వేసిన స్త్రీలు గంటలకొద్దీ వంగి పని చేసినారు. వారిలో నేర్పరులు వంగినది తుంటి దగ్గర, వెన్ను మధ్యలో కాదు. మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలో అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు విరివిగా ఉన్న రోజులలో పందిళ్ల క్రింద కూలీలు రొమ్ము విరిచి, చేతులెత్తి గుత్తులు కోసినారు. ఆ పనిలో వీపు తెరచుకొన్నది. నేలమీద కూర్చొని భోంచేయటం, గొంతుకూర్చుండి పనులు చేసుకొనటం తుంటికీళ్లను సజీవంగా ఉంచినవి. పిల్లలు చిర్రగోనె ఆడినారు. అది కూడా నేలమీది వస్తువును కర్రతో ఎగరగొట్టే ఆటయే గదా! ఆ శ్రమలో కష్టం, ఆకలి కూడా ఉన్నవి కాబట్టి దానిని పొగడి పాటలు పాడటం మా అభిమతం కాదు. కాని ఆ తోటలు చాలవరకు ఇండ్లస్థలాలుగా మారినవి. వాటి పిల్లల పిల్లలు నేడు మేడ్చల్ రహదారి మీదనో, శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి మీదనో బస్సులో గంట కూర్చొని, తరగతిలో ఆరుగంటలు బెంచీమీద కూర్చొని, ఇంటికి పోయి చేతిఫోను మీదకు వంగి కూర్చుంటున్నారు. ఇరువది ఏండ్లకే వీపు గుండ్రపడుతున్నది. హకీంపేటలో 1993లో వెలసిన క్రీడాపాఠశాల వారు నాలుగవ తరగతికి పిల్లలను ఎంపిక చేసేటప్పుడు పరుగు, దూకుళ్లతో బాటు దేహపు వంపును కూడా కొలుస్తారు. ఆ వయస్సులో ఉన్నది తరువాత పోతుందని వారికి తెలుసు.

ఇక్కడ ఒక పోలికను మనవి చేసుకొంటాము. ఆరాధనను వ్యాయామంగా దిగజార్చటం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. నమాజు నమాజే, దాని ప్రయోజనం వేరు. అయినా దేహపు ఆకృతిని మాత్రమే చూచినప్పుడు, రుకూలో వెన్ను గూని పోకుండా తుంటి వద్ద వంగి నిలిచే తీరు, గోల్ఫు ఆటగాడు బంతి ముందు నిలువవలసిన తీరుకు చక్కని దృష్టాంతం. ఆటగాడు అంత లోతుగా వంగడు, మోకాళ్లు కొద్దిగా సడలిస్తాడు, అంతే భేదం. అట్లే సలాం సమయాన భుజాలు నిలిపి తలను కుడికి, ఎడమకు త్రిప్పుతాము. గోల్ఫులో ఇదే తలక్రిందులు, తల నిలిచి ఉంటుంది, భుజాలు గడ్డం క్రిందుగా తిరుగుతాయి. మెడ బిగిసినవారి తల భుజాలతో బాటు తిరిగిపోయి బంతి కంటికి తప్పిపోతుంది.

సాధనకు ముందు పరీక్ష చేసుకొనటం మంచిది. చదరపు గది నట్టనడుమ ఒక బల్ల వేసుకొని, ఒక గోడకు ఎదురుగా కూర్చొని, మోకాళ్లు దగ్గరగా చేర్చి, రొమ్ముకు అడ్డంగా ఒక కర్రను చేతులతో అదిమి పట్టుకొనండి. పిరుదులు కదలకుండా రొమ్మును ప్రక్కకు త్రిప్పినప్పుడు, రొమ్ము నడిబొడ్డు గది మూలకు ఎదురైనచో మీరు 45 డిగ్రీలు తిరిగినట్లు. రెండు ప్రక్కలా చూడండి. ఒకవైపు తిరిగి మరొకవైపు తిరుగకపోవటం సర్వసాధారణం. తుంటిని పరీక్షించుటకు అదే బల్లమీద కూర్చొని, తొడ కదలకుండా పాదాన్ని మాత్రం బయటివైపునకు జరపండి. పాదం బయటకు పోతున్నదంటే లోపల తొడయెముక లోనికి తిరుగుతున్నదని అర్థం. రెండు పాదాలలో ఏది తక్కువ పోయినదో దానికి సాధన ఎక్కువ కావలె.

వీపు కొరకు మేము అన్నింటికంటె మేలైనదిగా భావించేది, పుస్తకం తెరచినట్లు చేసే వ్యాయామం. చాపమీద ఎడమప్రక్కకు పడుకొని, మోకాళ్లు మడిచి ఒకదానిపై ఒకటి ఉంచి, చేతులు రెండూ ముందుకు చాచి అరచేతులు కలపండి. ఊపిరి వదులుతూ పై చేతిని పుస్తకపు అట్ట తెరచినట్లు వెనుకకు తెరవండి. కన్నులు ఆ చేతిని అనుసరించవలె, మోకాళ్లు విడిపోరాదు. మోకాళ్లు విడిపోయినచో నడుము దొంగతనంగా తిరుగుతున్నదన్నమాట. ఒక్కొక్క ప్రక్క ఎనిమిది పది మార్లు చాలు. తుంటి కొరకు నేలమీద కూర్చొని, చేతులు వెనుక ఆనించి, మోకాళ్లు మడిచి పాదాలు ఎడంగా ఉంచి, రెండు మోకాళ్లనూ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు నేలవైపు వాల్చటం ఎంతో సులభం, ఎంతో గుణకారి. యోగాభ్యాసం ఉన్నవారు వక్రాసనం వేయవచ్చును. అయితే చేతితో మోకాలిని లాగి బలవంతంగా మెలిపెట్టేవారిని చూస్తూ ఉంటాము. అది వీపును గాక నడుమును శిక్షించటమే అవుతుంది.

వంగే పద్ధతిని నేర్చుటకు ఒక పొడుగు కర్ర చాలు. కర్రను వెన్నుకు నిలువుగా ఆనించి, తల వెనుక, వీపు, పిరుదుల పైభాగం, ఈ మూడు చోట్లా తాకుతూ ఉండగానే తుంటి వద్ద వంగండి. ఎక్కడ కర్ర దేహాన్ని విడిచినదో అక్కడ తప్పు ఉన్నది. ఆ భంగిమలోనే నిలిచి, ఒక మిత్రుడు భుజాలు పట్టుకొనగా కటివలయాన్ని మాత్రమే కుడి ఎడమలకు త్రిప్పటం, తరువాత కటివలయాన్ని నిలిపి రొమ్మును మాత్రమే త్రిప్పటం అభ్యసించవలె. మొదట ఎవరికీ రాదు, నవ్వు వస్తుంది. రెండు మూడు వారాలకు క్రింది భాగం, పై భాగం వేరువేరుగా మాట వింటాయి. వడిసెల రహస్యం ఆ వేరుపడటంలోనే ఉన్నది.

మన తాలింఖానాలలోని ముగ్దర్‌ను ఇక్కడ స్మరింపకపోతే అన్యాయమవుతుంది. సంస్కృతంలో ముద్గరమనే ఈ కొయ్యగదను భుజాల వెనుకగా త్రిప్పే విద్యను పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్ల సైనికాధికారులు ఈ దేశంలో చూచి, నేర్చి, తమ దేశానికి తీసుకొనిపోయినారు. అక్కడ అది ‘ఇండియన్ క్లబ్స్’ అన్న పేరిట వ్యాపించి, 1904, 1932 ఒలింపిక్ క్రీడలలో పోటీ అంశం కూడా అయినది. బరువును బాహుబలంతో ఆపక, అది ఊగే దారిని ఊగనిచ్చి, దేహాన్ని దానికి అనుగుణంగా మలచుకొనటమే ముగ్దర్ విద్యలోని కిటుకు. గోల్ఫు కర్రను గట్టిగా బిగించి పట్టుకొనే నవశిష్యునికి ఇంతకంటె మంచి గురువు దొరకదు. కిలో, కిలోన్నర బరువుతో ప్రారంభించవలెను. పహిల్వానుల జోడీలు మొదటిరోజే ఎత్తబోయి భుజం పట్టుకొని కూర్చున్నవారి సంఖ్య తక్కువ కాదు.

ఇంత సాధించినా కొందరి దేహం కొంతవరకే తిరుగుతుంది, అది వయోధర్మం, అస్థినిర్మాణం. అట్టివారు ఏమి చేయవలె? ఆధునిక శిక్షకులు పలువురు తుంటిని బిగబట్టి భుజాలను మాత్రమే చుట్టి, ఆ రెండింటి మధ్య భేదం ఎంత పెంచితే అంత దూరం పోతుందని బోధిస్తారు. 1992లో జిమ్ మెక్లీన్ దీనికి ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అని పేరు పెట్టిన నాటి నుండి అది ఒక వ్యామోహమైనది. వృత్తి ఆటగాళ్లకు అది ఎట్లున్నా, బెంచీల మీద పెరిగిన మన యువకులకు, నలుబది దాటిన ఉపాధ్యాయులకు అది తగదని మా అభిప్రాయం. పూర్వపు ఆటగాళ్లు కర్ర ఎత్తేటప్పుడు ఎడమమడమను నేలనుండి లేవనిచ్చేవారు. 1930లో ఒకే సంవత్సరం నాటి నాలుగు ప్రధానపోటీలూ గెలిచిన బాబీ జోన్స్ అట్లే చేసినాడు. పద్దెనిమిది ప్రధానపోటీలు గెలిచిన జాక్ నిక్లాస్ కూడా అట్లే చేసి, 1986లో 46వ ఏట మాస్టర్స్ గెలిచినాడు. మడమ లేచినప్పుడు తుంటి స్వేచ్ఛగా తిరుగుతుంది, నడుము మీది మెలి తగ్గుతుంది. పాదాల వ్రేళ్లను కొంచెం బయటివైపునకు త్రిప్పి నిలువటం కూడా ఇట్టి సాయమే. కొన్ని గజాల దూరం తగ్గినా తగ్గవచ్చును, అది తక్కువ వెలకే దొరికిన బేరం.

నొప్పి పిరుదుల మీదుగా కాలిలోనికి దిగినచో, కాలు తిమ్మిరెక్కినచో, ఈ వ్యాయామాలన్నీ ఆపి వైద్యుని చూడవలె. పట్టుదల చూపే సందర్భం కాదది.

చివరగా వేళను గూర్చి. రాత్రంతా పడుకొన్నప్పుడు పూసల నడుమ డిస్కులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. అందుచేత నిద్ర లేచిన మొదటి గంటలో వెన్ను బిగువుగా ఉండి, లోతుగా వంగినా మెలితిరిగినా ఎక్కువ ఒత్తిడికి లోనవుతుంది. ఎండకు భయపడి మనవారు తెల్లవారకముందే మైదానం చేరుతారు, అది మంచిదే. ఫజ్ర్ తరువాత కొంతదూరం చేతులు ఊపుతూ నడచి, ఒళ్లు వెచ్చబడిన పిమ్మట తుంటిని, వీపును చిన్న చిన్న మలుపులతో పదినిమిషాలు మేల్కొల్పి, ఖాళీ విసురులు మెల్లగా వేసి, ఆ తరువాతనే బంతి పెట్టుకొనవలె. అట్లు దేహాన్ని సిద్ధం చేసుకొన్నవారి కర్ర వేగం పెరిగినట్లు 2004లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపినారు. కదలకుండా ఒకే భంగిమలో నిలిచి ఇరువది ముప్పది సెకనులు సాగదీసే వ్యాయామాలను ఆటకు ముందు గాక, ఆట ముగిసిన పిదప, చెట్టునీడన చేసుకొనటం మంచిది. అప్పటికి కండరాలు వేడెక్కి ఉంటాయి, తొందర ఉండదు.